సెలవు హక్కూ, సెలవు సరుకూ

ఐరోపా విహారస్థలాల్లో దాదాపు అర్ధశతాబ్దంగా సాగుతూ వచ్చిన వొక వ్యాపారాన్ని గురించి రాసేవారు సాధారణంగా దాన్ని మోసగాళ్ళ కథగా చెప్పి వూరుకుంటారు. సెలవులు గడపడానికి స్పెయిన్ సముద్రతీరానికి వెళ్ళిన ఇంగ్లీషు కార్మికుణ్ణో, జర్మన్ గుమాస్తానో వీధిలో ఆపుతారు. బహుమతి వచ్చిందని నమ్మిస్తారు. కారెక్కించి వొక విహారభవనానికి తీసుకుపోతారు. సాయంత్రమయ్యేసరికి అతను వేల పౌండ్ల వొప్పందం మీద సంతకం పెట్టి బయటపడతాడు. పత్రికలు యీ కథ చెప్పేటప్పుడు మోసగాడి మేడల్నీ పడవల్నీ వర్ణిస్తాయి. పెద్దమనుషులు మోసపోయినవాడి అత్యాశను యెత్తిపొడుస్తారు. యీ రెండు ధోరణులూ అసలు ప్రశ్నను దాటవేసేవే. శ్రామికుడు పోరాడి సంపాదించుకున్న సెలవు, అతన్నే దోచుకునే సాధనంగా యెట్లా మారగలిగింది? యీ ప్రశ్నకు సమాధానం వ్యక్తుల గుణదోషాల్లో దొరకదు. చరిత్రలో వెతకవలసి వుంటుంది.

జీతంతో కూడిన సెలవు యజమానులు దయతలచి యిచ్చిన వరం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో విహారం కలిగినవారి వేడుక. కార్మికుడికి పని లేని రోజంటే కూలి లేని రోజే. 1841 జులై 5న థామస్ కుక్ లెస్టర్ పట్టణం నుంచి లఫ్‌బరోకు వందలాది మందిని రైలులో తీసుకుపోయినప్పుడు కూడా, అది మద్యపాన వ్యతిరేక సభకు వెళ్ళివచ్చే వొక్క రోజు ప్రయాణం మాత్రమే. పరిస్థితిని మార్చింది సమ్మెలు. 1936 మే, జూన్ నెలల్లో ఫ్రాన్సులో లక్షలాది కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించుకుని సమ్మె చేశారు. ఆ వొత్తిడి కింద లియాన్ బ్లూం నాయకత్వంలోని పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం జూన్ 20న యేడాదికి రెండు వారాల జీతపు సెలవు యిచ్చే చట్టం తెచ్చింది. దాని వెంటనే వచ్చిన మరో చట్టం వారానికి 40 గంటల పనిని నిర్ణయించింది. క్రీడలూ విరామమూ చూసే లియో లాగ్రాంజ్ కార్మికులకు రైలు చార్జీలో 40 శాతం తగ్గింపు యేర్పాటు చేశాడు. ఆ వేసవిలో యెన్నో కుటుంబాలు పుట్టి బుద్ధెరిగిన తరవాత మొదటిసారి సముద్రాన్ని చూశాయి. టోపీలు పెట్టుకున్న కూలిజనం తమ తీరాల్ని పాడుచేస్తున్నారని మితవాద పత్రికలు యీసడించుకున్నాయి. ఆ యీసడింపే సాక్ష్యం, కార్మికుడు యేదో విలువైనదాన్ని గెలిచాడనడానికి.

అదే 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతపు సెలవుపై వొడంబడికను ఆమోదించింది. బ్రిటన్ 1938లో చట్టం చేసింది. యుద్ధం అడ్డం వచ్చి దాని ఫలితం యుద్ధానంతరమే సామాన్యులకు అందింది. యిక్కడ వొక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో 1920ల నుంచి కార్మికోద్యమానికి సొంత ప్రయాణ సంఘాలు వుండేవి. ఫ్రాన్సులో 1945 తరవాత ఫ్యాక్టరీల కార్మిక కమిటీలు విహార గృహాలు నడిపాయి. సభ్యులందరూ తలా కొంత వేసుకుని, అందరూ వంతులవారీగా వాడుకునే పద్ధతి అది. అంటే విహారం కోసం సంఘంగా కూడటమనే ఆలోచన శ్రామికులదే. తరవాతి కాలపు వ్యాపారి దొంగిలించినవాటిలో డబ్బు కంటే ముందు దొంగిలించింది యీ ఆలోచననే, యీ మాటలనే. ‘సభ్యుడు’, ‘సంఘం’, ‘వాటా’, ‘క్లబ్’ అనే మాటలు అతని నోట విన్నప్పుడు వాటి పూర్వచరిత్ర మనకు జ్ఞాపకం రావాలి.

సెలవు వచ్చింది, వెళ్ళే చోటు కావాలి. ఆ చోటును ఫ్రాంకో స్పెయిన్ సమకూర్చింది. 1959లో ఆర్థిక స్థిరీకరణ ప్రణాళిక పేరిట ఆ నియంతృత్వం పెసెటా విలువను డాలరుకు 60కి తగ్గించి, విదేశీ మారకం కోసం తన యెండనూ యిసుకనూ అమ్మకానికి పెట్టింది. 1960లో సుమారు 60 లక్షలున్న విదేశీ సందర్శకులు 1973 నాటికి 3 కోట్లు దాటారు. చార్టరు విమానాలు వచ్చాయి. మాలగా పక్కనున్న పల్లెకారుల వూళ్ళు హోటళ్ళ వరసలయ్యాయి. దీని లోపలి వైరుధ్యం చూడండి. బ్రిటిష్ కార్మికుడు తన కార్మిక సంఘం బలంతో గెలిచిన సెలవును, స్వతంత్ర కార్మిక సంఘాలు నిషిద్ధమైన దేశంలో, సమ్మె నేరమైన దేశంలో, చవక కూలీ చేసిన పక్కమీద పడుకుని గడిపాడు. ఆ సెలవు అంత చవకగా దొరకడానికి కారణాల్లో అది వొకటి.

పెట్టుబడి యెప్పుడూ గదిని రోజు అద్దెకిచ్చి తృప్తిపడదు. హోటలు కట్టడానికి పెట్టిన డబ్బు యేళ్ళ తరబడి అద్దెల రూపంలో మెల్లగా తిరిగిరావడం దానికి నచ్చదు. 1960లలో ఫ్రెంచి ఆల్ప్స్ కొండల్లోని సూపర్ దెవొలూయీ అనే చోట వొక నిర్మాణ సంస్థ దీనికి వుపాయం కనిపెట్టింది. గది అద్దెకు తీసుకోకండి, హోటలునే కొనుక్కోండి, అదే చవక అని ప్రచారం చేసింది. కొనేది హోటలును కాదు, యేడాదిలో వొక వారాన్ని. స్విట్జర్లాండులో 1963లో స్థాపితమైన హాపిమాగ్ సంస్థ కూడా సభ్యులకు వాటాలు యిచ్చే పద్ధతినే అనుసరించింది. ఇంగ్లీషులో దీనికి టైమ్ షేర్ అని పేరు వచ్చింది. కాలంలో వాటా అన్నమాట. 1970లలో అమెరికాలో ఫ్లోరిడా తీరాన అమ్ముడుపోని ఫ్లాట్లు పేరుకుపోయినప్పుడు బిల్డర్లు యీ కాలవాటానే శరణు వేడారు. 1974లో ఇండియానాపోలిస్‌లో పుట్టిన ఆర్.సి.ఐ. అనే సంస్థ వొకచోటి వారాన్ని మరోచోటి వారంతో మార్చుకునే యేర్పాటు చేసింది. దాంతో వొక కొండమీది గది ప్రపంచంలోని అన్ని తీరాలకూ చెల్లే నాణెమన్న భ్రమ కల్పించడం సులభమైంది.

యీ వ్యాపారపు లెక్క ఉదాహరణకు యిట్లా వుంటుందనుకోండి. 50 వేల పౌండ్లు చేసే వొక గది వుంది. మరమ్మతులకు 2 వారాలు వదిలి మిగిలిన 50 వారాల్ని వారం 5 వేల చొప్పున అమ్మితే రెండున్నర లక్షలు వస్తాయి. గదికి అయిదింతలు. అంతటితో ఆగదు, 50 మంది యజమానులూ యేటేటా నిర్వహణ రుసుము కట్టాలి. ఆ రుసుమును నిర్ణయించేది వాళ్ళు కాదు, అమ్మినవాడు. కొన్నవాడికి యజమాని అన్న పేరు మిగులుతుంది; యజమానికి వుండే అధికారం యేదీ వుండదు. తనకిష్టమైనప్పుడు అమ్ముకుందామంటే కొనేవాడు దొరకడు. చాలా వొప్పందాలకు గడువే లేదు. తండ్రి పోయాక రుసుము బాకీ పిల్లల తలుపు తట్టిన సందర్భాలున్నాయి. తాత పెట్టిన వేలిముద్రకు మనవడు పాలేరుతనం చేసిన కథలు మనకు తెలుసు. ఐరోపాలో దానికి వొక విహారభవనపు ముఖచిత్రం తగిలించారు.

యింత నష్టపు బేరాన్ని యెవరూ తమ వూళ్ళో, తమ యింట్లో, తీరిగ్గా కూచుని చేయరు. అందుకే యీ సరుకు అమ్మకానికి పరదేశం కావలసివచ్చింది. టెనెరీఫ్ దీవిలోని లాస్ అమెరికాస్ తీరంలో, మాలగా దగ్గరి ఫ్యుయెంగిరోలాలో, 1980ల నుంచి వీధి దళారులు కనబడసాగారు. దంపతుల చేతికి చెరొక స్క్రాచ్ కార్డు యిస్తారు. వొకరికి యేమీ రాదు. రెండోవారికి పెద్ద బహుమతి వస్తుంది. మన తిరునాళ్ళలో మూడుముక్కలాట ఆడించేవాడు మొదటి పందెం యెందుకు పోగొట్టుకుంటాడో తెలిసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. బహుమతి తీసుకోవాలంటే విహారభవనానికి రావాలి, గంటన్నర చాలు అంటారు. ఆ గంటన్నర అయిదారు గంటలవుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలన్నది తప్పనిసరి షరతు. ‘యింట్లో అడిగి చెబుతాను’ అనే, మనిషిని కాపాడే ఆ చిన్న మాటకు అవకాశం లేకుండా చేయడమే ఆ షరతు పరమార్థం. పిల్లల్ని ఆటలగదికి పంపుతారు. కుటుంబ విషయాలు ఆప్యాయంగా అడుగుతారు. రాబోయే 20 యేళ్ళలో హోటళ్ళకు యెంత తగలేస్తారో కాగితం మీద లెక్కవేసి చూపిస్తారు. మొదట చెప్పిన ధర కాదన్నాక మేనేజరనే మరో మనిషి వచ్చి సగానికి తగ్గిస్తాడు, యీ వొక్క రోజుకే అంటాడు. పక్క బల్ల దగ్గర యెవరో సంతకం పెట్టారని షాంపేన్ సీసా మూత తీసిన చప్పుడవుతుంది.

గిరీశం వొక్కడు తన వాగ్ధాటితో విజయనగరంలో వొకళ్ళిద్దర్ని బుట్టలో వేసుకున్నాడు. యిక్కడ గిరీశాలను వరసగా తయారుచేసే కర్మాగారం నడిచింది. అయితే ఆ గిరీశాల్ని కూడా కొంచెం దగ్గరగా చూడాలి. వీధిలో కార్డులు పంచినవాళ్ళలో చాలామంది సొంతవూళ్ళో పని దొరకని ఇంగ్లీషు కుర్రవాళ్ళు. వాళ్ళకు జీతం లేదు. దంపతుల్ని తీసుకొస్తే తలకింత, లేకపోతే లేదు. లోపల అమ్మేవాడికీ అంతే, సంతకం పడితేనే అన్నం. అదే భవనాల్లో పక్కలు మార్చే ఆడవాళ్ళు గదికింత చొప్పున కూలి పుచ్చుకుంటూ నడుములు విరగ్గొట్టుకున్నారు. స్పెయిన్ హోటళ్ళలో పనిచేసే యీ స్త్రీలే 2010ల మధ్యలో ‘లాస్ కెల్లీస్’ అనే పేరుతో సంఘటితమై దేశమంతా వినబడేట్టు మాట్లాడారు. మోసపోయిన సెలవుదారూ, మోసగించిన కుర్రవాడూ, గది వూడ్చిన స్త్రీ, ముగ్గురూ వొకే వ్యవస్థ కింద మూడు చోట్ల నిలబడినవాళ్ళు. లాభం మూడోచోట కాదు, నాలుగోచోట పోగుపడింది.

ఆ నాలుగోచోట యెవరున్నారో జాన్ పామర్ వుదంతం చెబుతుంది. 1983లో లండన్ విమానాశ్రయం వద్ద జరిగిన బ్రింక్స్ మ్యాట్ బంగారపు దోపిడీ సొత్తును కరిగించాడన్న కేసులో, అది దొంగ బంగారమని తనకు తెలియదని వాదించి 1987లో నిర్దోషిగా బయటపడ్డాడు. టెనెరీఫ్‌లో కాలవాటా వ్యాపారంలో కోట్లకు పడగలెత్తాడు. పాత వాటా అమ్మిపెడతాం, మీరు కొత్తది కొనండి అని నమ్మించి వేలాది మందిని ముంచిన నేరానికి 2001లో లండన్ కోర్టు 8 యేళ్ళ శిక్ష వేసింది. 2015 జూన్‌లో ఎసెక్స్‌లోని తన యింటి వద్ద తుపాకి కాల్పుల్లో చనిపోయాడు. పత్రికలకు యిది వొక సినిమా కథ. కాని పామర్ జైలుకు పోయిన యేడు తీరంలో స్క్రాచ్ కార్డులు ఆగిపోలేదు. మనిషి పోయినా వ్యాపారం మిగిలిందంటే అది మనిషి సృష్టి కాదన్నమాట.

చట్టాలు చేయలేదా అంటే, చేశారు. బ్రిటన్ 1992లో చేసింది. యూరోపియన్ యూనియన్ 1994లో వొక ఆదేశం జారీచేసింది. సంతకం పెట్టిన తరవాత 10 రోజుల్లోగా కారణం చెప్పకుండా కొనుగోలుదారు వెనక్కి తగ్గవచ్చు. ఆ గడువులో అతని దగ్గర పైసా తీసుకోకూడదు. పరాయిచోట తలతిరిగి పెట్టిన సంతకాన్ని స్వస్థలం చేరి, తల చల్లబడ్డాక రద్దుచేసుకునే హక్కు అది. మంచి చట్టమే. కాని చట్టం తాను దేన్ని అదుపుచేస్తుందో నిర్వచించవలసి వస్తుంది. నిర్వచనం గీత గీస్తుంది. వ్యాపారి ఆ గీతకు అవతల అంగుళం దూరంలో దుకాణం పెడతాడు. ఆ ఆదేశం 3 యేళ్ళకు తక్కువకాని వొప్పందాలకు వర్తిస్తుందన్నారు. 35 నెలల వొప్పందాలు పుట్టుకొచ్చాయి. భవనాలకు వర్తిస్తుందన్నారు, పడవల్లో వాటాలు అమ్మారు. చివరికి అసలు గదే లేకుండా చేశారు. కొనుగోలుదారు కొనేది క్లబ్బు సభ్యత్వం. ఆ సభ్యత్వంతో ప్రపంచంలో యెక్కడికైనా చవకగా వెళ్ళవచ్చునన్న హామీ. యింటికి వెళ్ళి చూస్తే ఆ చవక ధరలు మామూలు ప్రయాణపు యేజంటు దగ్గర దొరికే ధరలే. కాలవాటాలో కనీసం వొక గోడా, వొక కిటికీ వుండేవి. హాలిడే క్లబ్బులో అమ్ముడుపోయింది వొట్టి ఆశ. బ్రిటిష్ ప్రభుత్వపు న్యాయవ్యాపార కార్యాలయం 2006లో వేసిన అంచనా ప్రకారం, బూటకపు హాలిడే క్లబ్బుల వల్ల యేటా సుమారు 4 లక్షల మంది బ్రిటిష్ పౌరులు 100 కోట్ల పౌండ్లకు పైగా పోగొట్టుకుంటున్నారు.

క్లబ్బు అన్న మాట యెంత పనిచేసిందో యూరోపియన్ న్యాయస్థానం ముందుకు వచ్చిన వొక కేసు చూపుతుంది. 1992లో జర్మన్ దంపతులు వొక ‘సభ్యత్వ వొప్పందం’ మీద సంతకం పెట్టారు. గది వున్నది గ్రీసులో. అమ్మిన కంపెనీ ఐల్ ఆఫ్ మాన్ దీవిలో. వాళ్ళకు దక్కింది 2031 దాకా యేడాదికి వొక వారం. చెల్లించిన డబ్బులో అధికభాగం గదికి కాదు, క్లబ్బు సభ్యత్వానికి. డబ్బు వాపసు కోరి జర్మనీలో దావా వేస్తే, యిది గ్రీసులోని స్థిరాస్తి అద్దె వ్యవహారం గనుక గ్రీసు కోర్టుకే పోవాలన్న వాదన లేచింది. అమ్మేటప్పుడు అది క్లబ్బు. కోర్టుకెక్కేసరికి అది స్థిరాస్తి! 2005 అక్టోబరు 13న న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించలేదు. కాని 13 యేళ్ళు గడిచాక వచ్చిన జవాబు అది, అదీ యే దేశపు కోర్టుకు పోవాలన్న వొక్క ప్రశ్నకు. దూరం, పరభాష, పరచట్టం, యివన్నీ యీ వ్యాపారానికి యాదృచ్ఛికాలు కావు. ఆ మూడూ దాని ముడిసరుకులు.

2009 జనవరిలో యూరోపియన్ యూనియన్ కొత్త ఆదేశం తెచ్చి క్లబ్బుల్నీ, వాటాల తిరిగి అమ్మకాన్నీ, మార్పిడినీ చట్టం కిందికి తెచ్చింది. వెనక్కి తగ్గే గడువును 14 రోజులకు పెంచింది. స్పెయిన్ తన 1998 చట్టంలోనే వొప్పందాలకు 50 యేళ్ళ పరిమితి పెట్టింది. దాన్ని పట్టించుకోకుండా శాశ్వతంగా రాయించుకున్న వొప్పందాలు చెల్లవని 2015 జనవరిలో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. యివి నిజమైన విజయాలు. వాటిని తక్కువ చేయడం అతివాదం. కాని తీర్పు వచ్చిన మరుక్షణం నుంచి కొత్త ఫోన్లు మోగసాగాయి. ‘మీ డబ్బు మేం వసూలు చేసిపెడతాం, ముందు రుసుము కట్టండి’ అన్నారు. ‘మీ వాటాకు కొనేవాడు దొరికాడు, ముందు పన్ను కట్టండి’ అన్నారు. వొకసారి మోసపోయినవారి చిరునామాల జాబితాయే వొక సరుకై చేతులు మారింది. మెక్సికోలోని ప్యుయెర్టో వల్లార్టా తీరాన మాదకద్రవ్యాల ముఠా యీ రెండో మోసంలోకి దిగి అమెరికన్ వృద్ధుల్ని దోచుకుంటున్నదని 2023లో అమెరికా ఖజానా శాఖ ఆంక్షలు విధించవలసివచ్చింది.

యీ చరిత్రతో మనకు సంబంధం లేదనుకోవడానికి వీలులేదు. ఓర్లాండోలోనూ లాస్ వేగాస్‌లోనూ వుచిత టిక్కెట్ల యెర అమెరికాలోని తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. హైదరాబాదు దుకాణాల్లో నింపి పెట్టెలో వేసిన కూపనుకు బహుమతి వచ్చిందనీ, భార్యాభర్తలిద్దరూ రావాలనీ ఫోను వస్తుంది. టెనెరీఫ్ షరతే తెలుగులో వినిపిస్తుంది. వినియోగదారుడు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేసుకునే హక్కు మన 2019 చట్టంలో వుంది. అది చిన్న విషయం కాదని జర్మన్ దంపతుల కథే చెబుతుంది. అయితే ఐరోపాలో వలె యిటువంటి అమ్మకాలకు 14 రోజుల పునరాలోచన గడువునిచ్చే ప్రత్యేక చట్టం మనకు లేదు. దాన్ని అడగాలి. అంతకన్న మౌలికమైన సంగతి మరొకటి వుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 20 రోజుల పనికి వొక రోజు జీతపు సెలవును గుర్తించింది. యీ దేశంలో శ్రామికుల్లో అత్యధికులకు ఆ సెలవు నేటికీ అందలేదు. సెలవు అనే హక్కు యింకా పూర్తిగా పుట్టకముందే, సెలవు అనే సరుకు అంగట్లోకి వచ్చి కూచున్నది.

మోసపోయినవాడిది అత్యాశ అనేవారికి చివరిగా వొక మాట. అతను ఆశించిందేమిటి? యేడాదికి వొక వారం పిల్లలతో సముద్రం వొడ్డున, ధర పెరుగుతుందన్న భయం లేకుండా గడపాలని. యిది 1936లో ఫ్రెంచి కార్మికుడు ఆశించినదే. ఆనాడు ఆ ఆశకు సమాధానంగా చట్టమూ, రైలు టిక్కెట్టూ వచ్చాయి. 1982లో కూడా ఫ్రెంచి ప్రభుత్వం సామాన్య వుద్యోగులకు విహార చెక్కులు యేర్పాటు చేసింది. ఆశ అప్పుడూ యిప్పుడూ వొక్కటే. సమాధానం చెప్పే చేయి మారింది. ఆశను తప్పుపట్టే వాదం, అటు మోసపోయినవాణ్ణి సిగ్గుతో నోరు మూయిస్తుంది, యిటు మోసానికి మరో యేడు ఆయువు పోస్తుంది. డబ్బు పోగొట్టుకున్న వుపాధ్యాయుడో, పదవీ విరమణ చేసిన గుమాస్తానో నలుగురిలో నవ్వులపాలవుతానని కాగితాల్ని బీరువా అడుగున దాచుకుంటే, ఆ వ్యాపారికి అంతకన్న కావలసింది లేదు. ఆ కాగితాలు బయటికి రావాలి. సంఘాల సమావేశాల్లో వాటిని చదివి వినిపించాలి. వంతులవారీగా వాడుకునే విహారగృహం కార్మికుల సొంత ఆలోచన. దాన్ని మన వుద్యోగ సంఘాలూ సహకార సంఘాలూ తిరిగి చేతికి తీసుకోవడం అసాధ్యమేమీ కాదు. అక్కడ నిర్వహణ రుసుమును నిర్ణయించేది దాన్ని కట్టేవాళ్ళే.